నా జావాకి నలభై ఏళ్లు నిండాయని స్వాన్సీ ఒప్పుకుంది

లండన్‌లో పాత టూస్ట్రోక్ బండి పెట్టుకున్నవాడికి రోడ్డు టాక్స్ పెద్ద లెక్కేమీ కాదు. నాది జావా 350. 151 నుంచి 400 సీసీ వరకు ఉన్న బళ్లకి 2025 ఏప్రిల్‌లో మొదలైన ఏడాదికి 57 పౌండ్లు ఉండేది, అంటే నెలకి ఐదు పౌండ్లు కూడా పడేది కాదు. అసలు దెబ్బ యూలెజ్ దగ్గర తగులుతుంది. అల్ట్రా లో ఎమిషన్ జోన్, అంటే పొగ ఎక్కువ వదిలే బళ్ల దగ్గర రోజువారీ రుసుం వసూలు చేసే ప్రాంతం. ఈ వ్యవహారం 2019లో నగరం నడిబొడ్డున మొదలై, 2023 ఆగస్టు 29 నుంచి గ్రేటర్ లండన్ మొత్తానికీ పాకింది. మోటార్‌సైకిల్ యూరో 3 అనే పొగ ప్రమాణానికి సరిపోకపోతే, రోడ్డెక్కిన ప్రతి రోజుకీ 12.50 పౌండ్లు కట్టాలి. మేముండేది హ్యారోలో. మా ఇంటి ముందు రోడ్డే జోన్‌లో ఉంది కాబట్టి పాలప్యాకెట్ కోసం వెళ్లొచ్చినా పన్నెండున్నర. ఐదు రోజులు బండి బయటికి తీస్తే ఏడాది టాక్స్‌ని దాటిపోతుంది.

బండి లాగ్‌బుక్‌లో, అంటే మన ఆర్‌సీ లాంటి పుస్తకంలో, టాక్స్ క్లాసు ‘హిస్టారిక్ వెహికల్’ అని పడితే ఈ రెండూ ఒకేసారి పోతాయి. టాక్స్ సున్నా, యూలెజ్ సున్నా. ఆ రెండు మాటలు పుస్తకంలోకి ఎక్కించడానికి నేను పడ్డ తిప్పలే ఇక్కడ రాస్తున్నాను. ఇక్కడున్న మనవాళ్లలో పాత బళ్ల పిచ్చి ఉన్నవాళ్లు చాలామందే ఉన్నారు, వాళ్లకి పనికొస్తుంది.

ముందు రూలు. బ్రిటన్‌లో నలభై ఏళ్లు దాటిన వాహనానికి టాక్స్ మినహాయింపు ఉంది. అయితే బండి పుట్టినరోజు నాడే అది రాదు. ఏటా ఏప్రిల్ 1న అర్హత గీత ఒక ఏడాది ముందుకు జరుగుతుంది. 2025 ఏప్రిల్ 1న ఆ గీత 1985 జనవరి 1 దగ్గరికి వచ్చింది. అంతకుముందు తయారైన బళ్లన్నీ అర్హమే. ఎప్పుడు తయారైందో తెలియకపోయినా, మొదటి రిజిస్ట్రేషన్ 1985 జనవరి 8 లోపు జరిగి ఉంటే సరిపోతుంది. కొత్త సంవత్సరం మొదటి వారంలో రిజిస్టరైన బండి అంతకుముందు ఏడాది తయారై ఉంటుందన్న ఇంగితంతో పెట్టిన వారం గడువు అది.

ఈ మినహాయింపు మధ్యలో ఒకసారి ఆగిపోయింది కూడా. తొంభైల మధ్యలో తెచ్చినప్పుడు పాతికేళ్లు నిండితే చాలు. కొన్నాళ్లకే 1973కి ముందు తయారైన బళ్లకి మాత్రమే అని బిగించేశారు. 2014లో మళ్లీ వదిలారు, కానీ ఈసారి నలభై ఏళ్లు అన్నారు. ఇక్కడి పెద్దవాళ్లలో కొందరు ఇప్పటికీ ‘1973కి ముందువే కదా’ అంటుంటారు. ఆ పాత లెక్క వాళ్ల బుర్రల్లో అలా ఉండిపోయింది.

ఇక నా బండి. తెనాలిలో మా బాబాయికి యెజ్డీ రోడ్‌కింగ్ ఉండేది. మైసూరులో ఐడియల్ జావా వాళ్లు తయారుచేసిన ఆ యెజ్డీలకి చెకోస్లొవేకియా జావాలే తల్లివేళ్లు. ఇక్కడ దొరికే జావా 350 టైప్ 634నే మనదేశంలో యెజ్డీ ట్విన్‌గా తెచ్చారు. అది మనవైపు చాలా తక్కువగా కనిపించేది. బ్రిటన్‌లో మాత్రం డెబ్భైలు, ఎనభైల్లో జపాన్ బళ్లు కొనలేనివాళ్ల చవక బండి ఇదే. అందుకే ఇప్పటికీ పెద్ద రేటు పలకదు. పాత ట్రయంఫ్, నార్టన్ ధరలు చూసి నోరు వెళ్లబెట్టిన నాలాంటివాడికి ఇదే దారి.

నార్ఫక్‌లో ఒక పెద్దాయన అమ్ముతున్నాడని ప్రకటన చూశాను. ‘1984 జావా, హిస్టారిక్, టాక్స్ లేదు, యూలెజ్ లేదు’ అని రాశాడు. వెళ్లి బండి చూశాక లాగ్‌బుక్ అడిగాను. కాగితాల భాషలో దాన్ని వీ5సీ అంటారు. టాక్స్ క్లాసు దగ్గర ‘బైసికిల్’ అని ఉంది. బళ్ల రిజిస్ట్రేషన్, టాక్స్ చూసే ప్రభుత్వ సంస్థ డీవీఎల్‌ఏ వాళ్లు మోటార్‌సైకిళ్లకి పెట్టుకున్న క్లాసు పేరు అదే, కంగారు పడక్కర్లేదు. కంగారు పడాల్సింది దానిపైనున్న ఇంకో గడి చూసి. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ 1985 మార్చి.

“హిస్టారిక్ అని రాశారు కదండీ, పుస్తకంలో లేదేంటి?” అన్నాను.

“నలభై ఏళ్లు దాటింది కదా, అంతే!” అన్నాడాయన.

అంతే కాదు. బండికి వయసొస్తే అర్హత వస్తుంది, క్లాసు దానంతటదే మారదు. యజమాని దరఖాస్తు పెట్టాలి. పైగా 1985 మార్చి అని ఉన్న పుస్తకం పట్టుకెళ్తే 2025లో ఆ దరఖాస్తు చెల్లదు. ఆయన మోసం చేస్తున్నాడని నాకు అనిపించలేదు. కొన్న రోజు నుంచీ అది ఎనభైనాలుగు మోడల్ అని విన్నాడు, అదే రాశాడు. నంబరు ప్లేటు ‘బి’తో మొదలవుతుంది. ఆ రోజుల్లో బి అక్షరం 1984 ఆగస్టు నుంచి 1985 జులై దాకా నడిచింది. అంటే ‘బి’ బండి గీతకి ఇటైనా ఉండొచ్చు, అటైనా ఉండొచ్చు. ఆ ముక్క చెప్పి ధర కొంచెం తగ్గించమన్నాను. ఆయన గొణిగి, తగ్గించాడు.

నాతో వ్యాన్ వేసుకొచ్చిన వరంగల్ తమ్ముడు తిరుగుదారిలో మంచి ప్రశ్నే వేశాడు. “అన్నా, వచ్చే ఏప్రిల్‌కి గీత 1986కి పోతది గద. అప్పుడు ఏ కాయితం లేకుండనే అయితది. ఒక్క ఏడాది ఆగరాదే?” మాట నిజమే. 1985 మార్చిలో రిజిస్టరైన బండి 1986కి ముందే తయారైందని ఎవరికైనా తెలుస్తుంది. కానీ ఈ దేశంలో ఎండ ఉండేదే కొన్ని నెలలు. ఆ నెలలన్నీ బండిని గ్యారేజీలో పెట్టి, వర్షాలు మొదలయ్యాక సంబరపడటం నావల్ల కాదు. పైగా నాకు తేడా కొన్ని నెలలే గానీ, కొందరికి ఏళ్లకేళ్లు ఉంటుంది. విదేశం నుంచి ఆలస్యంగా వచ్చినవి, సైన్యంలో పనిచేసి తర్వాత బయటికి అమ్ముడైనవి, షెడ్డులో రిజిస్టర్ కాకుండా పడి ఉన్నవి. వాళ్లు చేయాల్సిన పనీ ఇదే.

తయారైన ఏడాది వేరు, రిజిస్టరైన ఏడాది వేరు అని నోటితో చెబితే కుదరదు. డీవీఎల్‌ఏకి ఆధారం కావాలి. ఫ్యాక్టరీ రికార్డు నుంచి తీసిన ప్రతో, ఆ బళ్ల గురించి తెలిసిన గుర్తింపు పొందిన క్లబ్ ఇచ్చే డేటింగ్ సర్టిఫికెట్టో ఉండాలి. పేరు వినగానే మా ఆవిడ “ఏమండీ, ఈ వయసులో డేటింగ్ సర్టిఫికెట్ ఏంటండీ?” అంది. బండి పుట్టిన తేదీని తేల్చి ఇచ్చే ఉత్తరం అన్నమాట. ఇక్కడి క్లబ్బుల వ్యవస్థ చూస్తే ముచ్చటేస్తుంది. బర్టన్ అపాన్ ట్రెంట్‌లో వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్ ఉంది, జపాన్ బళ్లకి విడిగా వింటేజ్ జాపనీస్ మోటార్‌సైకిల్ క్లబ్ ఉంది, ఒక్కో కంపెనీకి మళ్లీ ఓనర్స్ క్లబ్బులున్నాయి. ఏ నంబరు ఫ్రేము ఏ ఏడాదిదో చెప్పగల మనుషులు వీటిలో ఉంటారు. చాలావరకు రిటైరైన పెద్దవాళ్లు, జీతం లేకుండా చేసే పని.

నా మోడల్ చూసే ఆయనకి ఫోన్ చేశాను. బండి ఫోటోలు నాలుగు వైపుల నుంచీ, ఫ్రేము నంబరు ఫోటో, ఇంజిన్ నంబరు ఫోటో, లాగ్‌బుక్ నకలు పంపమన్నాడు. తర్వాత ఒక మాట అన్నాడు. “నంబరు మీద పెన్సిల్ రుద్ది ఆ కాగితం కూడా పంపండి. ఫోటోలో వెలుతురు పడితే 3 కూడా 8లా కనిపిస్తుంది.”

నేను ఫోన్ పెట్టేసి నవ్వుకున్నాను. ఛాసిస్ ప్రింట్! మన దగ్గర పాత బండి ట్రాన్స్‌ఫర్ చేయించినవాడెవడికైనా తెలుసు. ఆర్టీఓ ఆఫీసు బయట చెట్టుకింద బల్ల వేసుకున్న ఏజెంటు, బండి హ్యాండిల్ పక్కకి తిప్పి, మెడ దగ్గర తెల్లకాగితం పెట్టి, పెన్సిల్ ముక్కతో గరగరా రుద్ది నంబరు దింపేస్తాడు. ఆ పని లండన్ గ్యారేజీలో నేనే చేయాల్సి వచ్చింది.

అనుకున్నంత తేలిగ్గా కాలేదు. వెనకటి యజమానుల్లో ఎవరో ఫ్రేముకి నల్లరంగు మందంగా పట్టించారు. స్టీరింగ్ మెడ దగ్గర నంబరు ఉండాల్సిన చోట వేలితో తడిమితే చిన్న గుంటలు తెలుస్తున్నాయి, కంటికి ఏమీ కనబడటం లేదు. ఇలాంటి చోట ఎమరీ పేపరు, వైర్ బ్రష్ ముట్టుకోవద్దని క్లబ్ పెద్దాయన ముందే హెచ్చరించాడు. నంబరు చుట్టూ గీరిన గుర్తులుంటే ఎవడో మార్చాడని అనుమానం వస్తుందట. అందుకని రంగు తీసే జెల్ కొంచెం పూసి, ఆగి, పాత బనీను ముక్కతో తుడుస్తూ పోయాను. మొదట ఒక పొర నల్లది, దాని కింద ఎర్రది, అది దిగాక ఇనుము. అప్పుడు అంకెలు ఒక్కొక్కటే తేలాయి. 634 అని మొదట్లో ఉన్న మోడల్ సంఖ్య కనబడగానే ప్రాణం లేచొచ్చింది. పల్చటి కాగితం పెట్టి మెత్తటి పెన్సిల్‌తో పక్కవాటుగా రుద్దితే నంబరు మొత్తం దిగింది. ఫోటోలో 8లా ఉన్న అంకె నిజంగానే 3.

క్లబ్ వాళ్ల ఉత్తరం పోస్టులో వచ్చింది. క్లబ్ పేరున్న కాగితం మీద ఫ్రేము నంబరు, ఇంజిన్ నంబరు, ఈ నంబర్ల వరుస 1984లో తయారైన బళ్లదని, సంతకంతో సహా. బండి ఫ్యాక్టరీ నుంచి బయటపడి, ఓడెక్కి, దిగుమతిదారు దగ్గర, ఆ తర్వాత ఏ షాపు అద్దాల వెనకో శీతాకాలం గడిపి, వసంతంలో అమ్ముడైందన్నమాట. చలికాలంలో మోటార్‌సైకిల్ కొనేదెవరు?

ఇక్కడ ఒక క్రమం పాటించాలి. ఈ ఉత్తరం పట్టుకుని నేరుగా పోస్టాఫీసుకి వెళ్తే లాభం లేదు. కౌంటర్లో ఉన్నవాళ్లు లాగ్‌బుక్‌లో ఉన్న తేదీనే చూస్తారు. ఉత్తరాలు చదివి నిర్ణయించే పని వాళ్లది కాదు. ముందు స్వాన్సీలోని డీవీఎల్‌ఏకి పోస్టులో పంపి తయారీ సంవత్సరం లాగ్‌బుక్‌లోకి ఎక్కించుకోవాలి. ఆ తర్వాతే క్లాసు మార్పు. అసలు లాగ్‌బుక్, అసలు డేటింగ్ ఉత్తరం, నంబర్ల ఫోటోలు, పెన్సిల్ ముద్ర, నాకు కావాల్సిందేమిటో నాలుగు వాక్యాల్లో రాసిన కాగితం కలిపి స్పెషల్ డెలివరీలో పంపాను. అన్నిటికీ నకళ్లు తీసి పెట్టుకున్నాను. వివరాలు సరిచేయడానికి ఫీజు లేదు. అదే లాగ్‌బుక్ పోగొట్టుకుంటే కొత్తదానికి 25 పౌండ్లు.

ఈ లోపు బండి సార్న్‌లో ఉంది. రోడ్డు మీదికి తీయడం లేదని ప్రకటించి ఇంటి ఆవరణలో పెట్టుకోవడమే సార్న్. 2014 అక్టోబరు నుంచి ఇక్కడ బండి అమ్మితే టాక్స్ కూడా దాంతో రాదు. పాత యజమాని కట్టింది ఆయనకి తిరిగిపోతుంది, కొత్తవాడు మళ్లీ కట్టుకోవాలి. కాబట్టి కొన్న రోజునే టాక్స్ అయినా కట్టాలి, సార్న్ అయినా చెప్పాలి. రెండూ చేయకపోతే జరిమానా నోటీసు ఇంటికొస్తుంది. నేను సార్న్ చెప్పి, ఖాళీగా ఉన్న ఆ వారాల్లో కార్బరేటర్ విప్పి శుభ్రం చేసుకున్నాను. పెట్రోలు పైపులన్నీ మార్చాను. 2021 సెప్టెంబరు నుంచి ఇక్కడ మామూలు పెట్రోల్లో పది శాతం దాకా ఇథనాల్ కలుపుతున్నారు, పాత రబ్బరుకి అది పడదు. ఐదు శాతం దాకా ఉండే ప్రీమియం పెట్రోలే ఇలాంటి బళ్లకి పోయాలి.

కొన్ని వారాలకి లాగ్‌బుక్ తిరిగొచ్చింది. మొదటి రిజిస్ట్రేషన్ తేదీ అలాగే 1985 మార్చి. దాన్ని మార్చరు, అది జరిగిన సంగతి కాబట్టి. ప్రత్యేక గమనికల దగ్గర మాత్రం తయారైన సంవత్సరం 1984 అని కొత్త వాక్యం చేరింది. ఇంత తతంగమూ ఆ ఒక్క వాక్యం కోసమే.

తర్వాత ఎంఓటీ. ఏటా చేయించే ఫిట్‌నెస్ పరీక్ష అది. నిజానికి నలభై ఏళ్లు దాటిన బండికి 2018 మే 20 నుంచి అది అక్కర్లేదు, గడిచిన ముప్ఫై ఏళ్లలో పెద్ద మార్పులు చేసి ఉండకపోతే. ఫ్రేము మార్చడం, వేరే రకం ఇంజిన్ బిగించడం లాంటివి పెద్ద మార్పుల కిందికొస్తాయి. అరిగిన భాగం తీసి అదే రకంది వేస్తే మార్పు కాదు. మినహాయింపు కావాలంటే వీ112 అనే కాగితం నింపి, నా బండి ఈ షరతులకి లోబడి ఉందని సంతకం పెట్టాలి. సంతకం ఊరికే కాదు, అబద్ధమైతే నేరం. పరీక్ష లేకపోయినా బండి కండిషన్‌లో ఉంచాల్సిన బాధ్యత మనదే. ప్రమాదకరమైన స్థితిలో నడిపితే 2,500 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు.

నేను మాత్రం పరీక్ష చేయించాను. మోటార్‌సైకిల్‌కి గరిష్ఠ ఫీజు 29.65 పౌండ్లు. నలభై ఏళ్ల డ్రమ్ము బ్రేకు మీద ఇంకొకరి కన్ను పడటానికి ఆ మాత్రం ఖర్చు పెట్టొచ్చు. ముందే బుక్ చేసుకున్న ఎంఓటీకి అయితే టాక్స్ లేకుండానే బండి నడుపుకుంటూ వెళ్లొచ్చు. యూలెజ్‌కి మాత్రం అలాంటి మొహమాటం లేదు, ఆ రోజుకి పన్నెండున్నర కట్టాను. ఇంకో విడ్డూరం ఏంటంటే బైకులకి ఎంఓటీలో పొగ పరీక్షే లేదు. సైలెన్సర్ చప్పుడు చూస్తారు, నీలంపొగ సంగతి అడగరు.

పరీక్ష చేసిన కుర్రాడికి పాతికేళ్లు ఉంటాయేమో. బండి స్టార్ట్ చేద్దామని కుడివైపు చూశాడు, కిక్ రాడ్ లేదు. ఎడమవైపు చూశాడు, గేరు లీవరు ఒక్కటే ఉంది. “కిక్ ఎక్కడుంది?” అన్నాడు. గేరు లీవరునే లోపలికి నొక్కి, పైకి తిప్పి నిలబెట్టి చూపించాను. జావాలో, యెజ్డీలో కిక్కూ గేరూ ఒకటే లీవరు. కిక్ కొట్టాక మళ్లీ ముందుకి పడేస్తే గేరు. వాడు ఒకసారి కొట్టాడు, ఇంజిన్ దగ్గింది. రెండోసారికి అందుకుంది. గ్యారేజీ అంతా టూటీ ఆయిల్ వాసన. మిగతా మెకానిక్కులు కూడా చేతులు తుడుచుకుంటూ వచ్చి చుట్టూ చేరారు. వాళ్ల పెద్దాయన ఒకాయన, చిన్నప్పుడు వాళ్ల నాన్నకి సైడ్‌కారుతో ఉన్న జావా సంగతులు చెప్పడం మొదలుపెట్టాడు. బండి పాసైంది. వెనక బ్రేకు లైటు స్విచ్చి కాస్త ఆలస్యంగా పనిచేస్తోందని కుర్రాడు నోటిమాటగా చెప్పాడు.

ఇక పోస్టాఫీసు. అన్ని పోస్టాఫీసుల్లోనూ వాహనాల టాక్స్ పని చేయరు, చేసేవి ఏవో ముందే చూసుకుని వెళ్లాలి. మొదటిసారి హిస్టారిక్‌కి మారేది అక్కడి కౌంటర్లోనే. తర్వాత ఏడాది నుంచి ఆన్‌లైన్‌లో చేసుకోవచ్చు. తీసుకెళ్లాల్సినవి మన పేరున ఉన్న లాగ్‌బుక్, చెల్లుబాటులో ఉన్న ఎంఓటీ లేదా నింపిన వీ112, టాక్స్ గుర్తుచేసే ఉత్తరం వచ్చి ఉంటే అది. ఉత్తర ఐర్లండ్‌లో అయితే ఇన్సూరెన్స్ కాగితం కూడా అడుగుతారు. లాగ్‌బుక్‌లో వాహన వివరాల మార్పు ఉన్న భాగంలో కొత్త టాక్స్ క్లాసు గడిలో ‘హిస్టారిక్’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టి పట్టుకెళ్లాను.

కౌంటర్లో ఉన్నావిడ గుజరాతీ అనుకుంటా, మా వైపు పోస్టాఫీసుల్లో ఎక్కువమంది వాళ్లే. పుస్తకం తిప్పి మొదటి రిజిస్ట్రేషన్ తేదీ దగ్గర వేలు పెట్టి ఆగింది. నేనేమీ మాట్లాడకుండా ప్రత్యేక గమనికల వైపు చూపించాను. చదివింది, తలూపింది, కీబోర్డు మీద టకటకా కొట్టింది.

“టాక్స్ పన్నెండు నెలలకేనా?” అంది.

“సున్నాకి ఎన్ని నెలలైతే ఏంటండీ!” అన్నాను. నవ్వింది. చేతికి రసీదు ఇచ్చింది. మొత్తం 0.00 అని అచ్చు పడి ఉంది. సున్నా అయినా టాక్స్ ‘కట్టాలి’, అదీ ఏటా కట్టాలి. మినహాయింపు వచ్చింది కదా అని వదిలేస్తే టాక్స్ లేని బండి కిందే లెక్క. లాగ్‌బుక్ ఆవిడే తీసుకుని స్వాన్సీకి పంపింది. కొత్తది వచ్చేదాకా బండి నడుపుకోవచ్చు. అప్పటికే మామూలు టాక్స్ కట్టి ఉన్నవాళ్లకి మిగిలిన పూర్తి నెలల డబ్బు దానంతటదే తిరిగొస్తుంది.

నడుపుకోవచ్చు అన్నారు కదా అని నేను యూలెజ్ లెక్క మాత్రం గాలికి వదలలేదు. ట్రాన్స్‌పోర్ట్ ఫర్ లండన్ వెబ్‌సైట్లో నంబరు కొడితే రోజుకి ఎంత కట్టాలో చూపిస్తుంది. క్లాసు మారిన సంగతి డీవీఎల్‌ఏ రికార్డు నుంచి వాళ్లకి చేరుతుంది, మనం విడిగా దరఖాస్తు పెట్టక్కర్లేదు. కానీ చేరేదాకా కెమెరాకి నా బండి పాత బండే. జరిమానా నోటీసు 180 పౌండ్లు, రెండు వారాల్లోపు కడితే సగం. అందుకని రోజూ పొద్దున కాఫీ తాగుతూ నంబరు కొట్టి చూసేవాణ్ణి. కొత్త లాగ్‌బుక్ వచ్చి, ‘హిస్టారిక్ వెహికల్’ అని కళ్లారా చూసి, వెబ్‌సైట్ కూడా కట్టాల్సిందేమీ లేదని చూపించాకే బండి బయటికి తీశాను. ఆ సాయంత్రం వెంబ్లీ దాకా వెళ్లి, దోసె తిని వచ్చాం.

న్యాయమేనా అంటే చెప్పడం కష్టం. మా వరంగల్ తమ్ముడికి 2004 హోండా ఉంది, ఫోర్‌స్ట్రోక్, గాలిలో పొగ కూడా కనబడదు. యూరో 3 కాగితం లేదు కాబట్టి రోజూ పన్నెండున్నర కడుతున్నాడు. పెట్రోల్లో ఆయిల్ కలుపుకుని తాగే నా జావా ఉచితంగా తిరుగుతోంది. పాత బళ్లు ఎన్నో లేవు, ఉన్నవి కూడా ఎండ పూట తప్ప బయటికి రావు, అందుకే వదిలేశారు. వాడి ముందు ఈ వాదన చేస్తే మాత్రం వాడు ఊరుకోడు.

రెండు సంగతులు చాలామంది పొరపడేవి. హిస్టారిక్ క్లాసు బండిని వ్యాపారానికి వాడకూడదు. దాని మీద ఫుడ్ డెలివరీ చేస్తే మినహాయింపు చెల్లదు. సొంత పనికి, ఆఫీసుకి రోజూ వెళ్లినా ఫర్వాలేదు. ఇంకోటి నల్లప్లేటు. నలుపు మీద వెండి అక్షరాల పాత నంబరు ప్లేటు హిస్టారిక్ బళ్లన్నిటికీ రాదు, 1980 జనవరి 1కి ముందు తయారైనవాటికే. నా బండికి వెనక పసుపు ప్లేటే. నల్లప్లేటు జావాకి ఎంత అందంగా ఉంటుందో ఊహించుకుని కాస్త బాధపడ్డాను.

బాబాయికి ఫోన్లో ఇదంతా చెప్తే మన దగ్గర ఎలాగో కనుక్కున్నాడు. 2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకి రూల్సు తెచ్చింది. అక్కడ యాభై ఏళ్లు దాటాలి, అసలు రూపం మారకూడదు. కొత్త రిజిస్ట్రేషన్‌కి 20,000 రూపాయలు, తర్వాత మళ్లీ చేయించుకోవడానికి 5,000. నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. కానీ ఆ బండిని ప్రదర్శనకి, ర్యాలీకి, పెట్రోలుకి, రిపేరుకి తప్ప మామూలుగా రోడ్ల మీద తిప్పకూడదు. “తిప్పకూడని బండికి ఇరవై వేలు ఎందుకురా, నా పాత నంబరే నాకు చాలు” అన్నాడు బాబాయి. ఆయన రోడ్‌కింగ్‌కి ఇంకా యాభై రాలేదు కూడా.

ఇక్కడ రేపోమాపో పాత బండి కొనబోయేవాళ్లు ప్లేటు అక్షరం చూసి లెక్క వేసుకోకండి. లాగ్‌బుక్‌లో మొదటి రిజిస్ట్రేషన్ తేదీ, ప్రత్యేక గమనికలు, టాక్స్ క్లాసు, ఈ మూడు గళ్లు డబ్బు చేతిలో పెట్టకముందే చదవండి. 1985లో తయారైన బండికి 2026 ఏప్రిల్ 1న, 1986లో తయారైనదానికి 2027 ఏప్రిల్ 1న అర్హత. ఫ్రేము నంబరు కనబడకపోతే ధర తగ్గించమనండి, రంగు తీసే జెల్ ఒక డబ్బా కొనుక్కోండి.